కెప్టెన్ మార్వెల్ పేరు ఎవరిది? సూపర్‌మ్యాన్ నకలు కేసు నుంచి కమలా ఖాన్ దాకా

2019 మార్చి 8న ‘కెప్టెన్ మార్వెల్’ అనే హాలీవుడ్ సినిమా వచ్చింది. సరిగ్గా నాలుగు వారాలకు, ఏప్రిల్ 5న, ‘షజామ్’ విడుదలైంది. మొదటిది మార్వెల్ కంపెనీ హీరోయిన్ కథ. రెండోది దాని పోటీ కంపెనీ డీసీ హీరో కథ. రెండూ చూసిన పిల్లలకు కూడా ఒక సంగతి తెలిసి ఉండకపోవచ్చు. ఎర్ర డ్రెస్సు, ఛాతీ మీద పసుపు మెరుపు గుర్తుతో కనిపించే ఆ ‘షజామ్’ హీరో అసలు పేరు కెప్టెన్ మార్వెల్. 1940లో పుట్టినప్పుడు పెట్టిన పేరు అదే.

ఆ పేరు అతని దగ్గర నుంచి పోవడానికి మూలం ఒక్కటే ఆరోపణ. ఇతను సూపర్‌మ్యాన్‌కు నకలు అని. కోర్టులో ఏళ్ల తరబడి నడిచిన ఆ గొడవలో హీరో మూలనపడ్డాడు, పేరు ఖాళీ అయింది. ఖాళీ అయిన పేరును ఇంకొకరు తీసుకున్నారు. అలా చేతులు మారుతూ మారుతూ దాని చివరి ముక్క అమెరికాలోని జెర్సీ సిటీలో ఉండే ఒక ముస్లిం అమ్మాయికి చేరింది. ఆమే కమలా ఖాన్, అంటే ‘మిజ్ మార్వెల్’. మన ఇళ్లలో పిల్లలు ఇష్టపడే ఈ పాత్ర వెనుక అంత పెద్ద కథ ఉంది.

130 డాలర్ల హీరో

సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించింది ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో. దాని మీద ఉన్న తేదీ 1938 జూన్, ధర 10 సెంట్లు. రాసినవాడు జెర్రీ సీగల్, బొమ్మలు వేసినవాడు జో షుస్టర్. ఇద్దరూ క్లీవ్‌లాండ్ నగరంలో కలిసి చదువుకున్న దోస్తులు, వలస వచ్చిన యూదు కుటుంబాల పిల్లలు. మరో లోకం నుంచి వచ్చి, కొత్త దేశంలో పేరు మార్చుకుని, తన అసలు సంగతి దాచుకుని బతికే మనిషి కథ వాళ్లకు తట్టడంలో ఆశ్చర్యం లేదు.

సూపర్‌మ్యాన్ మీద హక్కులన్నీ వాళ్లు ప్రచురణకర్తకు 130 డాలర్లకు రాసిచ్చేశారు. ఆ తర్వాత పాత్ర కోట్లు సంపాదించింది, వాళ్లకు మాత్రం ఏమీ మిగల్లేదు. 1975లో, పత్రికల్లో గొడవ జరిగాకే, కంపెనీ ఇద్దరికీ ఏడాదికి 20 వేల డాలర్ల పెన్షన్ ఇచ్చి, కామిక్స్ మీద వాళ్ల పేర్లు వేయడానికి ఒప్పుకుంది. నకలు కొట్టారని ఇతరుల మీద కేసులు వేసిన కంపెనీ ఇదే. ఆ నకలు కేసుల్లో సూపర్‌మ్యాన్ కోసం కొట్లాడింది అతన్ని కన్నవాళ్లు కాదు, కొనుక్కున్నవాళ్లు. ఈ కథ చదివేటప్పుడు అది గుర్తుంచుకోవాలి.

ఒక్క సంచికతో ఆగిన వండర్ మ్యాన్

సూపర్‌మ్యాన్ పుస్తకాలు వేడి వేడిగా అమ్ముడుపోతుంటే మిగతా ప్రచురణకర్తలు చేతులు ముడుచుకుని కూర్చోలేదు. విక్టర్ ఫాక్స్ అనే పబ్లిషర్ 1939లో ‘వండర్ కామిక్స్’ తెచ్చాడు. అందులో హీరో వండర్ మ్యాన్. తయారు చేసింది విల్ ఐస్నర్. ఈయన తర్వాతి కాలంలో కామిక్స్ రంగంలో చాలా పెద్ద పేరు. టిబెట్‌లో ఒక యోగి ఇచ్చిన ఉంగరంతో ఈ హీరోకు శక్తులు వస్తాయి. ఉంగరం తప్ప మిగతాదంతా తెలిసిన కథే. తూటాలు తగిలినా ఏమీ కాదు, ఎత్తయిన భవనాలు ఒక్క గెంతులో దాటేస్తాడు, మామూలు బట్టల కింద హీరో డ్రెస్సు.

సూపర్‌మ్యాన్ కంపెనీ వెంటనే కోర్టుకెక్కింది. 1940లో న్యూయార్క్ అప్పీల్ కోర్టులో జడ్జి ఆగస్టస్ హ్యాండ్ తీర్పు రాశారు. ఇద్దరు హీరోల పనులు ఒక్కొక్కటి పక్కపక్కన పెట్టి చూసి, ఒకరి డ్రెస్సు నీలం, ఇంకొకరిది ఎరుపు, అసలైన తేడా అంతే అన్నట్టుగా తేల్చారు. వండర్ మ్యాన్ ఒక్క సంచికతోనే ఆగిపోయాడు.

ఈ తీర్పులో ఉన్న అసలు పాయింట్ ఇప్పటికీ పనికొస్తుంది. పేదల పక్షాన నిలబడే బలశాలి అన్న ఆలోచన ఎవరి సొత్తూ కాదు. పురాణాల నాటి నుంచీ అలాంటివాళ్లు ఉన్నారు. కానీ ఆ బలశాలికి ఒకరు ఇచ్చిన ప్రత్యేకమైన రూపం, అతను చేసే ప్రత్యేకమైన పనులు, వాటిని బొమ్మల్లో చూపించిన తీరు మాత్రం ఆ ఒకరివే. బిర్యానీ ఎవరైనా వండొచ్చు, పక్క హోటల్ బోర్డు, డబ్బా డిజైన్, మెనూ కార్డు మాత్రం ఎత్తుకు రాకూడదు. దాదాపు అలాంటిదే.

ఐస్నర్ విషయంలో ఒక చిన్న మలుపు కూడా ఉంది. సూపర్‌మ్యాన్ లాంటి హీరో కావాలని ఫాక్స్ తనతో చెప్పి చేయించాడని, కోర్టులో ఆ నిజం చెప్పేశానని ఆయన పెద్దవయసులో చెప్పుకున్నాడు. 2010లో ఆ కేసు పాత వాంగ్మూలాలు బయటికొచ్చాయి. అందులో ఆయన చెప్పింది వేరు, వండర్ మ్యాన్ తన సొంత ఆలోచనేనని ఫాక్స్‌కు అనుకూలంగానే సాక్ష్యం ఇచ్చాడు. అప్పటికి ఆయన వయసు ఇరవై రెండేళ్లు, ఫాక్స్ ఆయనకు పెద్ద కస్టమర్.

అసలును మించిన నకలు

ఫాసెట్ అనే ఇంకో కంపెనీ 1940 ఫిబ్రవరి తేదీతో ‘విజ్ కామిక్స్’ రెండో సంచికలో కెప్టెన్ మార్వెల్‌ను దించింది. రచయిత బిల్ పార్కర్, చిత్రకారుడు సి.సి. బెక్. సూపర్‌మ్యాన్ లాగే కేప్, బిగుతు డ్రెస్సు, గుండెల మీద గుర్తు, కార్లు ఎత్తి పడేసే బలం. చూడగానే పోలిక కనిపిస్తుంది.

అయితే ఇందులో ఒక కొత్త సంగతి ఉంది, పిల్లలు పడిపోయింది దానికే. సూపర్‌మ్యాన్ పెద్దవాడు, ఎప్పుడూ సూపర్‌మ్యానే. కెప్టెన్ మార్వెల్ అసలు బిల్లీ బ్యాట్సన్ అనే అనాథ పిల్లవాడు. ఒక ముసలి మాంత్రికుడు నేర్పిన ‘షజామ్’ అనే మాట పలికితే పిడుగు పడుతుంది, బిల్లీ పెద్ద హీరో అయిపోతాడు. మళ్లీ అదే మాట పలికితే మళ్లీ పిల్లవాడు. పెద్దవాణ్ణి చూసి మురిసిపోయే పిల్లవాడికి, ఒక్క మాటతో నువ్వే ఆ పెద్దవాడివి అని చెప్పిన కథ ఇది.

‘షజామ్’ అన్నది ఆరు పేర్ల మొదటి అక్షరాలు కలిపిన మాట. సాలమన్ వివేకం, హెర్క్యులిస్ బలం, అట్లాస్ ఓర్పు, జ్యూస్ శక్తి, అకిలిస్ ధైర్యం, మెర్క్యురీ వేగం. మొదటి పేరు దగ్గర ముస్లిం పాఠకులు ఆగుతారు. సాలమన్ అంటే మనకు హజ్రత్ సులైమాన్ అలైహిస్సలాం. ఒక ప్రవక్త పేరును గ్రీకు, రోమన్ దేవతల వరసలో కూర్చోబెట్టిన ఆ పిచ్చి కలగూరగంప 1940 నాటి అమెరికా కామిక్స్ వాళ్లకు మామూలే. పిల్లలు ఈ కథ చదువుతుంటే ఆ తేడా చెప్పడానికి పెద్దవాళ్లకు ఒక నిమిషం చాలు.

పుస్తకం దూసుకుపోయింది. 1941లోనే రిపబ్లిక్ స్టూడియో కెప్టెన్ మార్వెల్ మీద 12 భాగాల సీరియల్ తీసింది. కామిక్స్ సూపర్ హీరో తెర మీద మనుషులతో కనిపించడం అదే మొదలు. సూపర్‌మ్యాన్‌కు ఆ అవకాశం 1948లో గానీ రాలేదు. 1944లో ‘కెప్టెన్ మార్వెల్ అడ్వెంచర్స్’ ఏడాది మొత్తం మీద 1 కోటి 40 లక్షల కాపీలు అమ్ముడైందని లెక్క. ఆ కాలంలో సూపర్‌మ్యాన్‌ను కూడా మించిపోయింది. ఒట్టో బైండర్ రాసిన కథల్లో నవ్వు ఎక్కువ. సూటు వేసుకుని మాట్లాడే పులి కూడా ఒక పాత్ర. నకలుగా మొదలైనా, కొన్నేళ్లకే దానికి సొంత గొంతు వచ్చిందని ఆ కథలు చదివితే తెలిసిపోతుంది. కోర్టు మాత్రం మొదటి రోజుల బొమ్మలే చూస్తుంది.

పన్నెండేళ్ల కేసు

సూపర్‌మ్యాన్ ప్రచురణకర్త, అప్పటికి పేరు నేషనల్, 1941లో ఫాసెట్ మీద కేసు వేసింది. విచారణ మొదలయ్యేసరికి 1948 వచ్చింది. 1950లో కింది కోర్టు ఒక విచిత్రమైన తీర్పు ఇచ్చింది. ఫాసెట్ నకలు కొట్టిన మాట నిజమే, కానీ వార్తాపత్రికల్లో వచ్చిన సూపర్‌మ్యాన్ స్ట్రిప్‌ల మీద కాపీరైట్ గుర్తు సరిగా వేయలేదు కాబట్టి నేషనల్ హక్కు పోయింది అంది. దొంగతనం జరిగింది, కానీ ఇంటి పత్రాలు సరిగా లేవు అన్నట్టు.

నేషనల్ అప్పీలుకు వెళ్లింది. 1951లో తీర్పు రాసింది జడ్జి లర్నెడ్ హ్యాండ్, వండర్ మ్యాన్ తీర్పు రాసిన ఆగస్టస్ హ్యాండ్‌కు కజిన్. నేషనల్ హక్కు వదులుకోలేదని ఆయన తేల్చారు. అయితే ఇంకో మాట కూడా చెప్పారు. కెప్టెన్ మార్వెల్ ఉన్నందుకే, పోలిక ఉన్నందుకే అది నేరం అయిపోదు. ఏ సూపర్‌మ్యాన్ స్ట్రిప్‌లోని ఏ సాహసాన్ని ఫాసెట్ ఎత్తుకుందో ఒక్కొక్కటి చూపించాలి. దాని కోసం కేసు మళ్లీ కింది కోర్టుకు పంపారు.

ఫాసెట్ చట్టప్రకారం పూర్తిగా ఓడిపోలేదు. కానీ అప్పటికి యుద్ధం ముగిసి, సూపర్ హీరో పుస్తకాల గిరాకీ పడిపోయింది. లాయర్ల ఖర్చు ఒకవైపు, తగ్గిన అమ్మకాలు ఇంకోవైపు. లెక్క చూసుకున్న కంపెనీ 1953లో రాజీకి వచ్చింది. 4 లక్షల డాలర్లు కట్టి, కెప్టెన్ మార్వెల్‌ను ఇక ప్రచురించబోమని మాట ఇచ్చింది. కాబట్టి “కోర్టు కెప్టెన్ మార్వెల్‌ను చంపింది” అని చాలాచోట్ల రాసేది సగం నిజమే. మిగతా సగం బ్యాలెన్స్ షీట్ పని.

ఇంగ్లండ్‌లో నకలుకు నకలు

అమెరికాలో పుస్తకం ఆగడంతో లండన్‌లో దాన్ని రీప్రింట్ చేసి అమ్ముకుంటున్న ఎల్. మిల్లర్ అండ్ సన్ కంపెనీకి చిక్కొచ్చి పడింది. పాఠకులున్నారు, సరుకు లేదు. మిక్ యాంగ్లో అనే ఆయన్ని పిలిచి మార్గం చూడమన్నారు. 1954లో ‘మార్వెల్‌మ్యాన్’ తయారైపోయాడు. బిల్లీ బ్యాట్సన్ బదులు మిక్కీ మోరన్, షజామ్ బదులు ‘కిమోటా’. ‘అటామిక్’ మాటను దాదాపు తిరగేసి చదివితే వచ్చేదే అది. పిల్లలు పెద్దగా తేడా పట్టించుకోలేదు, పుస్తకం 1963 దాకా నడిచింది.

సూపర్‌మ్యాన్ నకలుకు నకలైన ఈ పాత్రనే 1982లో అలాన్ మూర్ అనే రచయిత మళ్లీ తీసి, నడివయసులో తలనొప్పితో బాధపడే ఒక జర్నలిస్టుగా మార్చాడు. మంత్రం మాట మర్చిపోయిన హీరో అతను. మనుషుల మధ్య నిజంగా అలాంటి శక్తి ఉన్నవాడు ఉంటే ఎంత భయంకరంగా ఉంటుందో చూపించిన కథ అది. అమెరికాలో అచ్చు వేసేటప్పుడు ‘మార్వెల్’ పేరు అడ్డొచ్చి ‘మిరాకిల్‌మ్యాన్’ అయింది. ఇవాళ టీవీల్లో కనిపించే ‘ద బాయ్స్’ హోమ్‌ల్యాండర్, ‘ఇన్విన్సిబుల్’ ఓమ్నీ మ్యాన్ లాంటి చెడ్డ సూపర్‌మ్యాన్‌లు ఆ దారిలోనే వచ్చారు. వీటిని ఎవరూ దాచుకోరు. చూసేవాళ్లకు సూపర్‌మ్యాన్ గుర్తుకు రావాలనే ఆ పోలిక పెట్టారు.

ఖాళీగా పడి ఉన్న పేరు

ఇక్కడ రెండు చట్టాలు వేరు చేసుకోవాలి. కథకు, బొమ్మకు ఉండేది కాపీరైట్. పుస్తకం అట్ట మీద పేరుకు, లోగోకు ఉండేది ట్రేడ్‌మార్క్. కాపీరైట్ వాడకపోయినా గడువు దాకా ఉంటుంది. ట్రేడ్‌మార్క్ అలా కాదు, వాడుతూ ఉండాలి. మన దేశంలో కూడా 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం ప్రకారం రిజిస్టర్ అయిన పేరును ఐదేళ్లకు పైగా వాడకపోతే దాన్ని తీసేయమని ఇంకొకరు అడగొచ్చు. షాపు మూసేసి బోర్డు మాత్రం అలాగే ఉంచుతామంటే కుదరదు.

ఫాసెట్ 1953 తర్వాత కెప్టెన్ మార్వెల్ పేరు వాడలేదు. 1966లో మైరన్ ఫాస్ అనే చిన్న పబ్లిషర్ ఆ పేరుతో ఒక హీరోను తెచ్చాడు. ‘స్ప్లిట్’ అని అరిస్తే అతని చేతులు, కాళ్లు, తల ఊడి విడివిడిగా ఎగిరేవి. అది ఎక్కువ రోజులు నిలవలేదు, నిలవకపోవడమే మంచిదైంది.

ఈలోగా స్పైడర్‌మ్యాన్, హల్క్ పుస్తకాలు వేసే కంపెనీ 1961 నుంచి తన పేరే మార్వెల్ అని పెట్టుకుంది. తన కంపెనీ పేరుతో ఇంకొకరు హీరోను నడిపితే ఎవరు ఊరుకుంటారు? 1967 డిసెంబర్ తేదీతో మార్వెల్ సొంత కెప్టెన్ మార్వెల్ వచ్చాడు. స్టాన్ లీ రచన, జీన్ కోలన్ బొమ్మలు. హీరో అసలు పేరు మార్-వెల్, క్రీ అనే గ్రహాంతర జాతి సైనికుడు. పేరు కోసం పాత్రను పుట్టించారు, పాత్ర కోసం పేరు వెతకలేదు.

ఇక అసలు కెప్టెన్ మార్వెల్ సంగతి. 1972లో ఫాసెట్ దగ్గర అతన్ని అద్దెకు తీసుకుంది ఎవరో కాదు, అతన్ని నకలు అని కోర్టుకీడ్చిన కంపెనీయే, అంటే నేటి డీసీ. ఆ తర్వాత పూర్తి హక్కులూ కొనేసింది. పుస్తకం అట్ట మీద మాత్రం కెప్టెన్ మార్వెల్ అని వేయడానికి వీల్లేదు, పేరు అప్పటికే మార్వెల్‌ది. అందుకే పుస్తకానికి ‘షజామ్’ అని పెట్టారు. చివరికి పాత్రకే ఆ పేరు స్థిరపడింది.

మార్వెల్ ఆ పేరును మళ్లీ జారవిడుచుకోలేదు. 1982లో మార్-వెల్ క్యాన్సర్‌తో చనిపోయినట్టు కథ వచ్చింది. యుద్ధంలో కాకుండా జబ్బుతో మంచం మీద చనిపోయిన సూపర్ హీరో అతను. ఆ ఏడాదే న్యూ ఓర్లీన్స్‌కు చెందిన నల్లజాతి మహిళ మోనికా రాంబో కొత్త కెప్టెన్ మార్వెల్ అయింది. ఇంకోవైపు మార్-వెల్ పాత కథల్లో కెరొల్ డాన్వర్స్ అనే సెక్యూరిటీ ఆఫీసర్ ఉండేది, 1968 నుంచి. అతని శక్తులు అంటుకుని ఆమె కూడా హీరోయిన్ అయింది. 1977లో ఆమెకు సొంత పుస్తకం వచ్చింది, పేరు ‘మిజ్ మార్వెల్’. మిస్ కాదు, మిసెస్ కాదు. పెళ్లైందా లేదా అన్నది బయటికి చెప్పని ‘మిజ్’ అన్న పిలుపు ఆ రోజుల్లో అమెరికా మహిళా ఉద్యమం పోరాడి తెచ్చుకున్న మాట. 2012లో కెరొల్ కెప్టెన్ మార్వెల్‌గా పదోన్నతి పొందింది. మిజ్ మార్వెల్ పేరు ఖాళీ అయింది.

కమలా ఖాన్

ఆ ఖాళీలోకి వచ్చిన అమ్మాయే కమలా. అప్పట్లో మార్వెల్‌లో ఎడిటర్‌గా పనిచేసిన సనా అమానత్, న్యూజెర్సీలో పెరిగిన పాకిస్తానీ మూలాల అమ్మాయి, తన చిన్ననాటి సంగతులు తోటి ఎడిటర్ స్టీవెన్ వాకర్‌తో చెబుతుంటే ఈ పాత్ర ఆలోచన పుట్టింది. రచయిత జి. విల్లో విల్సన్, ఇస్లాం స్వీకరించిన అమెరికన్ మహిళ. బొమ్మలు ఎక్కువగా ఏడ్రియన్ అల్ఫోనా వేశాడు. మొదటి సంచిక 2014 ఫిబ్రవరిలో వచ్చింది, మళ్లీ మళ్లీ ముద్రించాల్సి వచ్చింది. మొదటి సంపుటి 2015లో హ్యూగో అవార్డు తెచ్చుకుంది.

కథ మొదలయ్యేది పంది మాంసం వాసన దగ్గర. దుకాణంలో బేకన్ వాసన చూసి నోరూరినా తినని పిల్ల. అబ్బూ యూసుఫ్, అమ్మీ మునీబా, గడ్డం పెంచి ఎప్పుడూ దువాలో ఉండే అన్న ఆమిర్, హిజాబ్ కట్టుకునే స్నేహితురాలు నకియా. రాత్రి పార్టీకి వెళ్లొద్దని ఇంట్లో అంటే కిటికీలోంచి దూకి వెళ్తుంది. అక్కడ జ్యూస్‌లో మందు కలిపి ఇస్తే ఉమ్మేస్తుంది. తిరిగి వస్తుంటే ఒక పొగమంచు కమ్మేస్తుంది. అందులో ఆమెకు కెప్టెన్ మార్వెల్ కనిపించి ఒక పాట వినిపిస్తుంది. అది అమీర్ ఖుస్రో పేరున ప్రసిద్ధమైన వసంత గీతం, ఢిల్లీ నిజాముద్దీన్ దర్గాలో బసంత్‌కు ఖవ్వాలులు పాడేది. అమెరికా కామిక్ పుస్తకంలో ఖుస్రో ఉంటాడని ఎవరు అనుకుంటారు.

నువ్వు ఎలా ఉండాలనుకుంటున్నావు అని అడిగితే, నీలా ఉండాలి అంటుంది కమలా. తెల్లటి ఒళ్లు, పసుపు జుట్టు, పొడవాటి కాళ్లు. కోరిక తీరుతుంది. పొగమంచులోంచి బయటికి వచ్చేసరికి ఆమె అచ్చం కెరొల్ డాన్వర్స్‌లా ఉంటుంది. తీరా చూస్తే ఆ బూట్లు నొప్పి, ఆ డ్రెస్సు ఇబ్బంది, ఆ జుట్టు మొహం మీద పడుతుంది. నీళ్లలో పడిన ఒక పిల్లను కాపాడేటప్పుడు ఆమెకు గుర్తొచ్చేది అబ్బూ చెప్పే సూరా మాయిదా ఆయత్, ఒక ప్రాణం కాపాడటం గురించినది. ఆ తర్వాత నెమ్మదిగా సొంత మొహంతోనే పని మొదలుపెడుతుంది. డ్రెస్సు కూడా కెరొల్‌ది కాదు, ఇంట్లో పడి ఉన్న బుర్ఖినీని కత్తిరించి కుట్టుకున్నది.

డెబ్బై ఏళ్లకు పైగా కోర్టుల్లో, ఆఫీసుల్లో నడిచిన గొడవ ఇక్కడ కథ లోపలికే వచ్చేసింది. ఇంతకుముందు పబ్లిషర్లు ‘అలాంటి హీరో కావాలి’ అన్నారు. ఇక్కడ ఆ మాట ఒక అమ్మాయి తన గురించి తాను అంటోంది. తెల్లవాళ్లలా కనిపిస్తేనే విలువ అనుకునే మన పిల్లలకు, ఫెయిర్‌నెస్ క్రీమ్ పూసుకునే వయసులో ఉన్నవాళ్లకు, ఇది పరాయి కథ కాదు.

పేరు గురించి కూడా ఒక మాట. తెలుగులో కమల అనగానే తామర పువ్వు గుర్తొస్తుంది, ముస్లిం అమ్మాయికి ఆ పేరేమిటి అని అడిగేవాళ్లున్నారు. ఇది అరబీ ‘కమాల్’ నుంచి, పరిపూర్ణత అని అర్థం. ఐదో సంచికలో అబ్బూ కూతురికి ఆ అర్థం చెప్పి, ఎవరినో మెప్పించడానికి ఇంకొకరిలా మారక్కర్లేదంటాడు. 2022లో వచ్చిన టీవీ సిరీస్‌లో, కరాచీలో పుట్టి కెనడాలో పెరిగిన ఇమాన్ వెల్లానీ కమలాగా నటించింది. అందులో ఆ మాటను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లారు. ఉర్దూలో కమాల్ అంటే అద్భుతం. ఇంగ్లిష్‌లో అద్భుతం అంటే మార్వెల్. అంటే పుట్టినప్పటి నుంచీ ఆమె పేరు మార్వెలే. హైదరాబాద్‌లో “కమాల్ కర్‌దియా” అని రోజూ అనేవాళ్లకు ఆ డైలాగ్ అనువాదం అక్కర్లేదు.

2015 జనవరిలో శాన్‌ఫ్రాన్సిస్కో బస్సుల మీద ఇస్లాంకు వ్యతిరేకంగా డబ్బు కట్టి ప్రకటనలు వేయించారు. కొందరు వెళ్లి వాటి మీద కమలా బొమ్మలు అంటించారు. ఆమె సొంత పుస్తకం మొదలై అప్పటికి ఏడాది కూడా నిండలేదు.

కువైట్ ప్రయత్నం

పాత పేరు తీసుకోకుండా మన దగ్గరే కొత్త హీరోలను చేసుకోలేమా అన్న ప్రశ్నకు కువైట్‌లో ఒకరు జవాబు చెప్పి చూశారు. నైఫ్ అల్-ముతవ్వా అనే సైకాలజిస్టు 2006లో ‘ద 99’ కామిక్ మొదలుపెట్టాడు. 1258లో మంగోలులు బాగ్దాద్ గ్రంథాలయాన్ని నాశనం చేసినప్పుడు అందులోని జ్ఞానం 99 నూర్ రాళ్లలోకి చేరిందని కథ. ఒక్కో రాయి దొరికినవాళ్లకు ఒక్కో గుణం. జబ్బార్ అనే సౌదీ కుర్రాడు చూడటానికి హల్క్‌కు చుట్టంలా ఉంటాడు. 2010లో డీసీ వీళ్లను సూపర్‌మ్యాన్ బృందంతో కలిపి ఆరు భాగాల కథ వేసింది.

అయితే అల్లాహ్ 99 నామాలను గుర్తుచేసే గుణాలు మనుషుల పాత్రలకు అంటగట్టడం చాలామంది ఉలమాకు నచ్చలేదు. సౌదీలో ఫత్వా వచ్చింది, రచయితకు బెదిరింపులు వచ్చాయి. అభ్యంతరం చిన్నది కాదు, బెదిరింపులు మాత్రం ఎవరూ సమర్థించలేనివి. కమలా దారి ఇందుకు వేరు. ఆమె శక్తులకూ దీన్‌కూ సంబంధం పెట్టలేదు. దీన్ ఆమె ఇంట్లో ఉంటుంది, శక్తులు పొగమంచులోంచి వస్తాయి.

మన దేశంలో

భారత కోర్టులకూ ఇలాంటి కేసు వచ్చింది. రాజ్ కామిక్స్ హీరో నాగరాజ్ 1986 నుంచి ఉత్తరాదిలో చాలా పాపులర్. ఆకుపచ్చ ఒళ్లు, పాము పొలుసులు, మణికట్ల నుంచి పాములు. అచ్చం అదే వేషంతో ‘నాగేశ్’ అనే హీరోను ఇంకో ప్రచురణ సంస్థ తెచ్చింది. 1997లో ఢిల్లీ హైకోర్టు నాగేశ్‌ను ఆపమని ఉత్తర్వు ఇచ్చింది. సర్పశక్తి అన్న ఆలోచన ఎవరిదీ కాదు, ఆ ఆకుపచ్చ రూపం, ఆ పనులు మాత్రం ఒకరివి. 1940 నాటి వండర్ మ్యాన్ తీర్పు లాజిక్కే ఇక్కడా కనిపిస్తుంది.

తెలుగువాళ్లకు ‘సూపర్‌మ్యాన్’ అంటే 1980లో ఎన్.టి. రామారావు నటించిన సినిమా కూడా గుర్తొస్తుంది. అందులో శక్తులు ఇచ్చేది వేరే గ్రహం కాదు, ఆంజనేయుడు. మహారాష్ట్రలో మగ్గాల ఊరు మాలెగావ్ కుర్రాళ్లు ఇంకా ముందుకెళ్లి, షఫీక్ అనే బక్కపలచటి పవర్‌లూమ్ కార్మికుడికి కేప్ కట్టి ‘మాలెగావ్ కా సూపర్‌మ్యాన్’ తీశారు. ఫైజా అహ్మద్ ఖాన్ తీసిన ‘సూపర్‌మెన్ ఆఫ్ మాలెగావ్’ డాక్యుమెంటరీలో ఆ షూటింగ్ అంతా ఉంది. చేతిలో డబ్బు లేనివాళ్లు నకలు చేస్తే అందులో నవ్వు, ప్రేమ ఎంత ఉంటాయో చూడాలంటే అదే చూడాలి.

పిల్లలకు ఏది ఇవ్వొచ్చు

‘మిజ్ మార్వెల్’ మొదటి సంపుటి పేరు ‘నో నార్మల్’, మొదటి ఐదు సంచికల కథ అందులో ఉంది. హైస్కూల్ పిల్లలకు ఇబ్బంది లేదు. తల్లిదండ్రులు కూడా చదివితే మునీబా, యూసుఫ్‌లతో కమలా గొడవల్లో తమ ఇల్లు కనిపించొచ్చు. పాత కెప్టెన్ మార్వెల్ కథలు చిన్నపిల్లలకూ సరిపోతాయి, 1940ల నాటి జాతి వెక్కిరింపులు కొన్ని ఉంటాయి కాబట్టి ముందు ఒకసారి తిరగేయాలి. ‘మిరాకిల్‌మ్యాన్’, ‘ద బాయ్స్’ పెద్దలవి. కేప్ చూసి పిల్లల బొమ్మల పుస్తకం అనుకుని కొని తేవద్దు, హింస చాలా ఘోరంగా ఉంటుంది. ‘ఇన్విన్సిబుల్’ కార్టూన్‌లా కనిపించినా అంతే.

ఇక అసలు సూపర్‌మ్యాన్. 1938 నాటి ఆ మొదటి కథ మీద అమెరికాలో కాపీరైట్ 95 ఏళ్లు. 2034 జనవరి 1 నుంచి ఆ పాత సూపర్‌మ్యాన్‌ను ఎవరైనా, అనుమతి అడక్కుండా, గీసుకోవచ్చు. పేరు, ఛాతీ మీది ‘ఎస్’ గుర్తు మాత్రం ట్రేడ్‌మార్క్‌గా కంపెనీ దగ్గరే ఉంటాయి, వాడుతూ ఉన్నంత కాలం.